అంతరిక్షానికి ఫాల్ కుట్టడం

మాది మ్యాచింగ్ సెంటరు. చీర పట్టుకొస్తే దానికి సరిపడే జాకెట్టు ముక్క, లైనింగు, ఫాల్, దారపు రీలు చూసి ఇచ్చే దుకాణం. విజయవాడలో ఇలాంటివి సందుకొకటి ఉంటాయి కాబట్టి ఇందులో మేం గొప్పగా చెప్పుకోవలసిందేమీ లేదు. పామర్రు దగ్గర పొలం కౌలుకిచ్చి నాన్న ఈ వ్యాపారంలో దిగేనాటికి ఆయనకి రంగులంటే వరిచేను రంగులే. నారుమడి పచ్చ, పొట్ట మీదున్న చేను పచ్చ, కోతకొచ్చిన పసుపు. నాకు ఊహ తెలిసేసరికి మాత్రం ఆయన ఒక్క మెరూన్‌నే వంకాయ వైపుదా, ఇటుక వైపుదా, ఎండుమిరపకాయ వైపుదా అని విడదీసి మాట్లాడేవాడు. మనుషుల విషయంలో ఆయనకి అంత సూక్ష్మం ఉండేది కాదు. మంచోడు, ఫరవాలేదు, ఆ రెంటితో సరిపెట్టేవాడు.

షాపుకో ఆచారం ఉండేది. లోపల ఎంత సరిపోయిందనిపించినా సరే, గుడ్డని చీరతో సహా బయటికి తీసుకెళ్లి, రోడ్డు మీద పగటి వెలుతురులో పట్టి చూడాలి. అప్పుడే కత్తెర. "ట్యూబులైటు కింద అన్నీ ఒకేలా ఉంటాయమ్మా, బయటికి రండి" అని నాన్న ముందు నడిచేవాడు, వెనక కొనేవాళ్లు. రిక్షాలూ ఆటోలూ తప్పుకుని పోయేవి. మబ్బు పట్టిన రోజుల్లో "ఇవాళ వెలుతురు బాలేదు, రేపు రండి" అని పంపేసేవాడు. వచ్చిన బేరాన్ని వాతావరణం బాలేదని వెనక్కి తిప్పే దుకాణం ప్రపంచంలో మాదొక్కటే అయ్యుంటుందని అమ్మ అనేది. మెచ్చుకోలుగా కాదు.

తొంభైల్లో కేబుల్ వచ్చాక షాపులో గోడకి ఓ కలర్ టీవీ బిగించాం. ఆడవాళ్ల వెంట వచ్చిన మగవాళ్లు విసుక్కోకుండా కూచుంటారని. మధ్యాహ్నం బేరాలు పలచబడే వేళకి ఓ ఛానెల్లో పాత ఇంగ్లీషు సీరియలొకటి వచ్చేది. అంతరిక్షంలో తిరిగే నౌక, దానికో కెప్టెను, వారానికో కొత్త గ్రహం. మేం పుట్టకముందు ఎప్పుడో తీసింది. డిగ్రీ ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నవాణ్ణి కాబట్టి నాకు అందులో పావు వంతు అర్థమయ్యేది. బీకాం పూర్తిచేసి షాపులో సాయం చేస్తున్న మా అక్కకి మాటలు నాకంటే తక్కువ అర్థమయ్యేవి గానీ, చూడ్డం మాత్రం నాకంటే బాగా చూసేది. నేను కథ చూసేవాణ్ణి, ఆమె కుట్టు చూసేది.

"ఒరేయ్, జేబుల్లేవు చూశావా?" అంది ఓరోజు.

"ఎవరికి?"

"ఎవ్వరికీ. ముందు ముందు మనుషులకి జేబులుండవన్నమాట. తాళంచెవులెక్కడ పెట్టుకుంటారో పాపం."

ఆమె చెప్పాక నాకూ కనబడ్డం మొదలైంది. కెప్టెను కుర్చీలోంచి లేచినప్పుడల్లా చొక్కా అంచు రెండు చేతుల్తో పట్టుకుని కిందికి లాక్కుంటాడు. నౌక తగలబడుతున్నా సరే, ముందు చొక్కా లాక్కుని తరవాత పరిగెడతాడు. "సాగే గుడ్డరా. ఉతికితే పొట్టయిపోయినట్టుంది" అంది అక్క, సొంత తమ్ముడి చొక్కా గురించి మాట్లాడుతున్నంత బాధగా.

వారం వారం ఏదో ఒక గ్రహానికి ఓ రాణి ఉండేది. ఒకావిడ గౌను ఒక్క భుజం మీదే నిలబడి ఉండేది, రెండో వైపు ఏ ఆధారమూ లేదు. "పడిపోవాలి కదరా, ఎందుకు పడట్లేదు?" అని అక్క ఆ పూటంతా అన్యమనస్కంగా జాకెట్టు ముక్కలు కోసింది. మర్నాడు పొద్దున అదే భాగం మళ్లీ వేశారు. టీవీకి మూరెడు దూరంలో నిలబడి చూసి, "చర్మం రంగు నెట్టు వేసి, గౌనుని దానికి కుట్టేశారు. అమ్మ బాబోయ్!" అంది. గుళ్లో దణ్ణం పెట్టుకునేటప్పుడు కూడా అక్క గొంతులో అంత భక్తి నేను వినలేదు.

ఇంకో గ్రహం రాయబారి వేసుకున్న పొడుగాటి కోటు సోఫాల గుడ్డని తేల్చింది. ఓ రాక్షసుడి ఒళ్లు తివాచీ. దేవుడిలాంటి ఓ పాత్ర వెనకాల మెరిసే తెర, బాత్‌రూముల్లో కట్టే ప్లాస్టిక్కు. ఇవన్నీ తెలిశాక నవ్వు రావాలి. రాలేదు. పైగా నోరు తెరుచుకుని చూడ్డం ఎక్కువైంది.

"ఎవరో కూచుని కుట్టారురా ఇదంతా" అనేది అక్క. అంతకంటే ఎక్కువ చెప్పేది కాదు. చెప్పక్కర్లేదు కూడా. ఎక్కడో సముద్రాల అవతల ఓ గదిలో, మెడలో టేపు వేసుకుని, ఎవరో ఒక మనిషి ఇంకా పుట్టని జనం ఏం తొడుక్కుంటారా అని ఆలోచించి ఉంటారు. తీరిగ్గా ఆలోచించే వ్యవధి ఇచ్చి ఉండరు, మర్నాటికి కావాలని ఉంటారు. చేతికందిన సోఫా గుడ్డ తీసుకుని కత్తిరించి ఉంటారు. అన్నేళ్ల తరవాత, ఇన్ని సముద్రాల ఇవతల, రూబియా తానుల మధ్య స్టూలు మీద కూచున్న మా అక్కకి అది నిజంగా వేరే నక్షత్రం నుంచి దిగినట్టే కనబడింది. సోఫా గుడ్డని తెలిసి కూడా అలాగే కనబడింది. నాకు సైన్సు సబ్జెక్టులున్నాయి గానీ, ఇంతకంటే ఆశ్చర్యమైన సంగతి వాటిలో తగల్లేదు.

ఆ సీరియల్ చూసీ చూసీ అక్కకి నాటకాలకి దుస్తులు కుట్టాలని బుద్ధి పుట్టింది. నాన్నకి అది సుతరామూ నచ్చలేదు. ఆయన కోపిష్టి కాదు, కఠినుడూ కాదు. రంగు పట్టడంలో తన తరవాత అంత కన్ను ఉన్నది అక్కకేనని, కౌంటరు ఆమెకి అప్పగించాలని ఆయన కోరిక. నా కన్ను గురించి ఎప్పుడూ ప్రస్తావించలేదు. అది ఆయన సంస్కారం.

ఇంతలో ఓ ఇన్సూరెన్సు ఆఫీసు ఉద్యోగి తన భార్య చీర పట్టుకుని షాపుకొచ్చాడు. పగలు పాలసీలు, సాయంత్రాలు నాటికల దర్శకత్వం. మా వైపు పరిషత్తులని జరుగుతాయి. ఏదో ఒక ఊళ్లో స్టేజీ కడతారు, చుట్టుపక్కల నుంచి నాటక సమాజాలు వచ్చి ఒకరి తరవాత ఒకరు నాటికలాడతారు, ఆఖర్న బహుమతులిస్తారు. ఆయన పామర్రు పరిషత్తుకి ఓ అంతరిక్ష నాటిక రాసుకున్నాడు. నీళ్లెండిపోయిన గ్రహం, దానికో రాణి, అక్కడ దిగిన నౌక కెప్టెన్ని ఆమె నీళ్లడగడం. కథ ఏ గ్రహం మీద జరిగినా సరే, కాలవ నీళ్ల గొడవ లేకపోతే డెల్టాలో జనం కూచోరని ఆయన నమ్మకం.

"డ్రెస్సుల సంగతే తేలట్లేదండీ" అన్నాడు ఫాల్ రంగు చూసుకుంటూ. "అద్దెకిచ్చేవాళ్లని అడిగితే, రాముడున్నాడు, రావణుడున్నాడు, పోలీసున్నాడు, అంతరిక్షం మాత్రం లేదంటున్నారు."

"నేను కుడతానండీ" అంది అక్క.

నాన్న తల తిప్పి చూశాడు. డైరెక్టరు గారు వెళ్లాక కాసేపు తానులు సర్దినట్టు నటించి, అప్పుడన్నాడు.

"కుట్టమ్మా. పామర్రులో మనవాళ్లంతా ఉంటారు, నేనూ వస్తాను. నీ బట్టలు చూసి జనం నవ్వలేదా, పైగది నీది, మిషను పెట్టుకో, నీ ఇష్టం. నవ్వారా, సోమవారం నుంచి కౌంటరు. మళ్లీ ఆ మాటెత్తకూడదు."

"నవ్వకపోతే చాలా? మెచ్చుకోనక్కర్లేదా?"

"మెచ్చుకోడానికేముంది, మనవాళ్లు మొహమాటానికైనా మెచ్చుకుంటారు. నవ్వాపుకోవడమే వాళ్లవల్ల కాదు."

అక్క ఒప్పుకుంది. కెప్టెన్ వేషానికి డైరెక్టరు గారు నన్ను తీసుకున్నారు. నాకు నటన రాదు. కానీ చొక్కా కొలతలకి ఇంట్లో మనిషైతే వీలుగా ఉంటుందని అక్క గట్టిగా చెప్పింది. చాలామంది నటులకి ఇంతకంటే బలమైన కారణం ఉండకపోవచ్చు.

ముందు కెప్టెన్ చొక్కా. సీరియల్లో ఉన్న రంగే కావాలంది అక్క. కెప్టెను తెర మీదకి రాగానే, రంగుల నమూనాలుండే షేడ్ కార్డు టీవీ అద్దానికి ఆనించి పట్టుకునేవాళ్లం. మా టీవీలో అది ఆవాలు నూరిన రంగు. ఎదురు షాపులో మగ్గం పని చేసే భాయ్ ఉండేవాడు. నాన్నకి స్నేహితుడు, మేం భాయ్ మావయ్య అనేవాళ్లం. ఆయన షాపులో టీవీ చూస్తే అదే చొక్కా పెసరపచ్చ.

"పచ్చే షావుకారు గారూ, నా కళ్లతో చూశా" అన్నాడు భాయ్.

"నీ కళ్లు కాదు భాయ్, నీ టీవీ. రంగు తగ్గించు."

"మీరు పెంచండి!"

ఇద్దరూ పిక్చర్ ట్యూబుల గురించి మాటలు అనుకోవడం మొదలెట్టాక, తగువు తీరుద్దామని అక్కా నేనూ బెంజ్ సర్కిల్ దగ్గర టీవీలమ్మే షోరూముకి వెళ్లాం, సరిగ్గా సీరియల్ వేళకి. ఆ ఛానెల్ పెట్టమని అడిగాం. గోడ నిండా టీవీలు, అన్నింట్లో ఒకేసారి కెప్టెను ప్రత్యక్షమయ్యాడు. ఒకడి చొక్కా నిమ్మపండు, పక్కవాడిది పసుపుకొమ్ము, కింది వరసలో వాడిది గోంగూర, ఆ చివర వాడిది అరిటాకు. అందరూ ఒక్కసారే లేచి, ఒక్కసారే చొక్కాలు కిందికి లాక్కున్నారు. అక్క నా మోచెయ్యి పట్టుకుంది. ఆ గోడ ముందు మేమిద్దరం ఎంతసేపు నిలబడిపోయామో తెలీదు.

"ఏ టీవీ కావాలండీ?" అన్నాడు సేల్స్‌మాను.

"చొక్కా రంగు కావాలండీ" అంది అక్క.

అతను మర్యాదస్తుడు. మంచినీళ్లిచ్చి పంపాడు.

చివరికి తీర్పు నాన్నకే వదిలేశాం. ఆయన షేడ్ కార్డు తీసుకుని మిట్టమధ్యాహ్నం రోడ్డు మధ్యకి వెళ్లి, ఎండలో తిప్పి తిప్పి చూసి, ఆవపిండి రంగు మీద వేలు పెట్టాడు. "ఇదే. దర్జాగా ఉంది. నాయకుడి రంగు." అక్కా చూసింది, భాయ్ కూడా చూసి ఒప్పుకున్నాడు. పగటి వెలుతురులో అంతమంది చూసి తేల్చాక ఇంక అనుమానమేముంది. వెల్వెట్టులా ఉండి సాగే గుడ్డ తెప్పించి కుట్టింది. ఛాతీ మీద నక్షత్రం గుర్తు భాయ్ కుట్టాడు. ఒట్టి నక్షత్రమే చెప్పాం. చుట్టూ రెండు మామిడిపిందెలు కూడా వచ్చాయి. "ఖాళీగా ఉందమ్మా, చూడలేకపోయా" అన్నాడు.

రాణి దగ్గర చిక్కొచ్చింది. అక్క వెండి టిష్యూ గుడ్డ అడిగింది. "అది పెళ్లిళ్ల కోసం తెప్పించింది, చెయ్యి పెట్టకు" అన్నాడు నాన్న. "అటక మీద అమ్ముడుపోని ఫాల్స్ ఉన్నాయి, కావలిస్తే తీసుకో. ఎలకలు తినేదానికన్నా నయం."

ఫాల్ అంటే తెలియని ఇల్లుండదు. చీర కుచ్చిళ్లు నిలబడాలని కింది అంచుకి లోపలివైపు కుట్టే నూలుగుడ్డ పట్టీ. మెరుపుండదు, అంచుండదు, బొమ్మ ఉండదు. జీవితాంతం చీర వెనక నేలకి దగ్గరగా ఉండి, చీర పాతబడితే దాంతోపాటే పోతుంది. ఎవరూ చూడకుండా ఉంటేనే అది బాగా కుట్టినట్టు. అటక మీద ఉన్నవి జనం అడగడం మానేసిన రంగులు. బూడిద, మబ్బు, నీలిమందు, నేరేడు, మసి. అక్క వాటిని కిందికి దింపి, దుమ్ము దులిపి, చాలాసేపు వాటివైపు చూస్తూ కూచుంది.

తరవాత కుట్టింది. నెట్టు మీద పట్టీలు పట్టీలుగా, మెడ నుంచి పాదాల దాకా ఒకదాని మీద ఒకటి సగం పడేలా, పై అంచు మాత్రమే కుట్టి కింద వదిలేసి. పైకి ముదురు రంగు, దాని కింద కొంచెం లేతది, దాని కింద ఇంకా లేతది. భుజాలు నిలబడ్డానికి కాలర్లలో వేసే బక్రం గుడ్డ. పనంతా అయ్యాక, షాపు ఆచారం ప్రకారం నాకు తొడిగి రోడ్డు మీద ఎండలో నిలబెట్టింది.

మాట దాచడమెందుకు, ఇల్లు తుడిచే గుడ్డల మూటలా ఉన్నాను. 

భాయ్ షాపులోంచి బయటికొచ్చి చుట్టూ తిరిగి చూశాడు. "అమ్మాయ్, ఇది రాణిగారా, లారీ తుడిచేదా?"

ఎదురింటి వాళ్లు నవ్వారు. ఆటో ఆపి ఒకాయన నవ్వాడు. నాన్న నవ్వలేదు. తల ఎత్తి ఆకాశం వైపు చూశాడు. "వెలుతురు బాగానే ఉందే" అన్నాడు దిగులుగా.

మళ్లీ కుట్టడానికి వ్యవధి లేదు. అక్క ఆ బట్టల్ని మడతపెడుతూ, "కెప్టెన్ చొక్కా ఉందిలేరా, అది గట్టెక్కిస్తుంది" అంది. నేను సరేనన్నాను. ఆ చొక్కాలో నేనుంటానన్న విషయం ఇద్దరం ఎత్తలేదు.

పామర్రులో హైస్కూలు గ్రౌండులో స్టేజీ కట్టారు. మా నాటికకి మొదటి చీటీ వచ్చింది, చీకటి పడగానే మొదలు. గ్రౌండు వెనకంతా చేలు, అటునుంచి తడి గాలి. ముందు కుర్చీల్లో పెద్దలు, వెనక చాపల మీద జనం, రెండో వరసలో నాన్న, ఆయనకి రెండు పక్కలా మా చుట్టాలు. రాణి వేషానికి గుడివాడ నుంచి ఒకావిడ వచ్చింది, పరిషత్తుల్లో పేరున్న నటి. మూట విప్పి, ఓ పట్టీని రెండు వేళ్లతో ఎత్తి చూసింది.

"సత్యభామ వేశానమ్మా, ఝాన్సీ రాణి వేశాను" అంది అక్కతో. "చీపురుకట్ట వెయ్యడం ఇదే మొదలు."

"కొంచెం నెమ్మదిగా నడవండి అక్కా. పట్టీలు కదిలేలా" అంది అక్క.

"నడవడం నాకొదిలెయ్యి తల్లీ" అని ఆవిడ పిన్నీసులు నోట్లో పెట్టుకుంది.

తెర లేచింది. అంతరిక్షం కదా, లైట్లాయన అన్ని దీపాలకీ నీలం జెలటిన్ కాగితాలు కట్టాడు. నేను నౌకలో కుర్చీలోంచి లేచి, అలవాటుగా చొక్కా కిందికి లాక్కుని, ముందుకొచ్చాను. వచ్చి, ఎందుకో ఒకసారి నా చెయ్యి చూసుకున్నాను. ఆవపిండి రంగు లేదు. ఆ నీలం వెలుతురులో నిఖార్సైన ఖాకీ. గుండె మీద నక్షత్రం. ముందు చక్రంలాంటి స్టీరింగు.

వెనక చాపల మీంచి ఓ గొంతు చాలా మర్యాదగా అడిగింది. "డ్రైవరు గారూ, అవనిగడ్డ వెళ్తుందాండీ?"

ఇంకో గొంతు, "రైట్ రైట్!" అంది.

గ్రౌండంతా నవ్వింది. పిల్లలు నవ్వారు, కుర్చీల్లో పెద్దలు కండువాలు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. మా చుట్టాలు అందరికంటే స్వేచ్ఛగా నవ్వారు. నేను నాకొచ్చిన డైలాగు చెప్పాను, "మనం తెలియని లోకం అంచున ఉన్నాం" అని. "అదే కరకట్ట దాటాక ఎడమ పక్క" అన్నారెవరో. పక్క తెర చాటున అక్క నిలబడి ఉంది. నవ్వు వినగానే ఆమె స్టేజీ వైపు చూడ్డం మానేసి, చేతిలో ఉన్న సూదిని దారపు ఉండకి గుచ్చి, ఉండని సంచిలో వేసేసింది. పని అయిపోయినవాళ్లు సర్దుకున్నట్టు. రెండో వరసలో నాన్న ముఖం నాకు కనబడలేదు. ఆయన తల దించుకుని ఉన్నాడు.

అప్పుడు రాణి వచ్చింది.

అటు పక్క నుంచి రావడం నేనే ముందు చూశాను. చూసి, తరవాతి డైలాగు మరిచిపోయాను. ఎండలో నా ఒంటి మీద ఉన్న ఆ పాతగుడ్డల మూట ఎక్కడా లేదు. ఆ నీలం దీపాల్లో నూలు వెలుతురుని తాగేసినట్టుంది, మెరవడం లేదు, వెలుగుతోంది. ఆవిడ ఒక్కో అడుగే వేస్తోంది. అడుగు పడ్డప్పుడల్లా పై పట్టీలు కదిలి విడిపోయి, కింద లేత రంగు భుజం దగ్గర పుట్టి పాదాల దాకా జారి మాయమవుతోంది. మళ్లీ అడుగు, మళ్లీ భుజం దగ్గర్నుంచి. గాలికి కాలవ నీళ్లు అలా కదులుతాయి. నీళ్లెండిపోయిన గ్రహానికి రాణి, ఒళ్లంతా నీళ్లు పారుతున్నట్టు నడిచి వచ్చింది. డైరెక్టరు గారి నాటికలో అలాంటి ఆలోచన లేదు. అక్క మనసులోనూ లేదని తరవాత చెప్పింది. ఎలా వచ్చిందో మాలో ఎవరికీ తెలీదు.

గ్రౌండులో చప్పుడు లేదు. నేను జనానికి ఎదురుగా ఉన్నాను కాబట్టి అందరి ముఖాలూ చూశాను, నటుడికి అదొక్కటే లాభం. ముందు వరసలో చుట్ట కాలుస్తున్న పెద్దాయన చుట్ట తీసి కుర్చీ కిందికి పట్టుకున్నాడు. అవనిగడ్డ అడిగినవాడు కూడా ఎక్కడో ఉండే ఉంటాడు, నోరెత్తలేదు. ఓ ముసలామె పక్కనున్న మనవరాల్ని ఒళ్లోకి లాక్కుంది, భయంతో కాదు, ఇద్దరూ కలిసి చూద్దామన్నట్టు. మేం చిన్న స్టూళ్ల మీద కూచుని టీవీ వైపు ఎలా చూసేవాళ్లమో వాళ్లు అలా చూస్తున్నారు. సముద్రాల అవతల ఆ గదిలో కూచుని కుట్టిన మనిషిని తలుచుకున్నాను. ఎండలో చూసుకుని వాళ్లూ ఎన్నిసార్లు దిగులుపడ్డారో, దీపాల కింద చూసి ఎన్నిసార్లు నిర్ఘాంతపోయారో.

"మాకు నీళ్లు కావాలి" అంది రాణి. నాటికలో ఆమె మొదటి మాట.

నాకు డైలాగు గుర్తురాలేదు. కానీ ఆవిడ ముందు కెప్టెన్ అలా మాట పడిపోయి నిలబడ్డం చాలా సహజంగా ఉందని న్యాయనిర్ణేతలు తరవాత అన్నారట. ఆ పరిషత్తులో నా నటనకి దక్కిన ప్రశంస అదే. ఉత్తమ దుస్తుల బహుమతి మాకు రాలేదు. అందరూ లుంగీలూ బనీన్లూ వేసుకున్న ఇంకో నాటికకి ఇచ్చారు. జీవితానికి దగ్గరగా ఉన్నాయని.

తెర పడ్డాక గ్రీన్‌రూముగా వాడుతున్న ఎనిమిదో తరగతి గదిలోకి నాన్న వచ్చాడు. నటి అప్పటికే బట్టలు మార్చుకుని, రాణి దుస్తుల్ని బెంచీ మీద పరిచి వెళ్లింది, తొడిగేటప్పటికంటే చాలా జాగ్రత్తగా. నాన్న గుమ్మంలోంచే అడిగాడు.

"ఆ గుడ్డెక్కడ కొన్నావమ్మా? మద్రాసు నుంచి తెప్పించావా? నాకు చెప్పనేలేదు."

నాన్న దగ్గరికొచ్చి, ఓ పట్టీ అంచు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, బట్టల వ్యాపారస్తులు చూసినట్టు నలిపి చూశాడు. వేళ్లు ఆగాయి. ఇంకో పట్టీ పట్టుకుని చూశాడు. ఆ గుడ్డని ఆయన ఇన్నేళ్లుగా రోజూ కొలిచి ఇచ్చాడు.

"ఫాలా?" అన్నాడు.

"ఆ."

"మనదేనా?"

"మనదే నాన్నా. అటక మీదవి."

ఆయన బెంచీ మీద, బట్టలకి తగలకుండా, ఓ మూల కూచున్నాడు. అక్కే మొదలెట్టింది.

"నవ్వారు నాన్నా. ఊరంతా నవ్వింది, నువ్వూ విన్నావు. మాటంటే మాటే. సోమవారం కౌంటరుకొస్తాను." గొంతులో ఏడుపు లేదు. ఏడవకూడదని ముందే అనుకుని ఉంటుంది, అందుకే మాటలు వరసగా వచ్చాయి.

నాన్న తలెత్తి, ఇంకా ఖాకీ విప్పకుండా నిలబడ్డ నావైపు చూశాడు.

"నవ్వింది వీణ్ణి చూసి కదమ్మా. వీడు ఏమేసుకున్నా నవ్వుతారు."

"చొక్కా నేనే కుట్టాను నాన్నా."

"కుట్టింది నువ్వే. రంగు చెప్పింది నేను." ఆయన లేచాడు. పట్టీని మళ్లీ ఓసారి వేళ్ల మధ్య పట్టుకుని, తెలిసిన మనిషిని కొత్త ఊళ్లో చూసినట్టు చూసి, వదిలాడు. "ఇన్నేళ్లు అమ్మాను. నేనే గుర్తుపట్టలేదు. ఇంక నిన్ను కౌంటర్లో కూచోబెట్టి నేనేం చేసుకుంటాను?"

అక్క అప్పుడు ఏడ్చింది. నాన్న ఇబ్బందిగా గోడ మీద ఉన్న ఎక్కాలు చదువుకున్నాడు. నేను బయటికెళ్లి, మేం వచ్చిన వ్యాను దగ్గర నిలబడ్డాను. ఆ చొక్కాలో ఉండగా ఒకాయన వచ్చి బండి ఎన్నింటికి బయల్దేరుతుందని అడిగాడు. చెప్పాను.

సోమవారం పొద్దున నాన్నా నేనూ కలిసి మిషను పైగదికి మోశాం. కిందికి దిగేసరికి ఒకావిడ వంగపండు రంగు చీర పట్టుకుని నిలబడి ఉంది. నాన్న గల్లాపెట్టె దగ్గరికి పోతూ, కళ్లతోనే నాకు కౌంటరు చూపించాడు. స్టూలు మీద కూచున్నాను. పైన మిషను చప్పుడు మొదలైంది.